డిజిటల్ వీడియో కెమెరాకు ఏ టేపు నమ్మదగినది: మినీ డీవీ క్యాసెట్ల పోలిక, ఎంపిక

మినీ డీవీ క్యాసెట్టును అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. 66 మిల్లీమీటర్ల పొడవు, 48 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం ఉన్న ఆ చిన్న డబ్బాలో, గంటసేపు నడవడానికి దాదాపు 68 మీటర్ల రీలు చుట్టి ఉంటుంది. రీలు వెడల్పు పావు అంగుళం. కెమెరా లోపల నిమిషానికి 9,000 సార్లు తిరిగే డ్రమ్ముకు అమర్చిన రెండు హెడ్లు ఆ రీలు మీద ఏటవాలుగా గీతలు రాసుకుంటూ పోతాయి. మన దేశంలో వాడిన టీవీ చిత్ర పద్ధతి పాల్‌లో ఒక్కో ఫ్రేముకు 12 గీతలు, అంటే సెకనుకు 300 గీతలు పడతాయి. ఒక్కో గీత వెడల్పు 10 మైక్రాన్లు మాత్రమే. తలవెంట్రుక ఇంతకు ఎన్నో రెట్లు లావుగా ఉంటుంది. ఇంత సన్నని రాత మీద ఒక ఇంటి పెళ్ళి మొత్తం ఆధారపడి ఉన్నప్పుడు టేపును తేలిగ్గా తీసుకోకూడదని, రాజమహేంద్రవరంలో పెళ్ళి వీడియోలు తీసిన ఏళ్ళలోనూ, ఇప్పుడు అవే క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కిస్తున్న రోజుల్లోనూ నాకు మళ్ళీ మళ్ళీ తెలిసివచ్చింది.

టేపు కెమెరాలను దాదాపు అందరూ పక్కన పెట్టేశారు. అయినా అటక మీది కెమెరాను దించి మళ్ళీ వాడాలనుకునేవారు, ఆ కాలపు బొమ్మ తీరు నచ్చి సోనీ పీడీ 170, ప్యానసోనిక్ డీవీఎక్స్ 100 వంటి కెమెరాలను సెకండ్ హ్యాండులో కొంటున్న షార్ట్ ఫిల్మ్ కుర్రాళ్ళు తరచుగా నా దగ్గరకు వస్తుంటారు. వారందరూ మొదట అడిగేది ఒకటే: ఖరీదైన టేపు వేస్తే బొమ్మ ఇంకా బాగా వస్తుందా అని.

రాదు. ఈ ఒక్క మాట ముందే మనసులో పెట్టుకుంటే మిగతా ఎంపిక సులువవుతుంది. వీహెచ్ఎస్ కాలంలో మంచి టేపుకు, నాసిరకం టేపుకు రంగుల్లో, పదునులో తేడా కనిపించేది. డీవీలో టేపు మీద పడేది అంకెలు; వీడియో సమాచారం సెకనుకు 25 మెగాబిట్ల చొప్పున రాసుకుపోతుంది, ఆ అంకెలు తిరిగి సరిగ్గా చదవగలిగితే చవక టేపులోని బొమ్మ, ఖరీదైన టేపులోని బొమ్మ అచ్చంగా ఒక్కటే. మంచి టేపు ఇచ్చేది బొమ్మలో మెరుగు కాదు, రాసింది రాసినట్టు తిరిగి వస్తుందన్న భరోసా. టేపు పూతలో చిన్న లోపం ఉన్నా, దుమ్ము పడినా అక్కడ సంకేతం తెగుతుంది. దాన్నే మేము డ్రాపౌట్ అంటాము. చిన్న డ్రాపౌట్లను కెమెరాలోని దోష సవరణ వ్యవస్థ తనంతట తాను సరిదిద్దుకుంటుంది. అంతకు మించితే ముందటి ఫ్రేములోని ముక్కను తెచ్చి ఆ చోట అతికిస్తుంది. అప్పుడే పెళ్ళికూతురి చెంప మీద, పట్టుచీర అంచు మీద చదరపు గళ్ళు పడినట్టు కనిపిస్తాయి. అదీ మితిమీరితే బొమ్మ నిలిచిపోతుంది, మాట తెగిపోతుంది.

గళ్ళు పడిన ప్రతిసారీ తప్పు టేపుదే అనుకోవడం కూడా పొరపాటే. పాల్ ఫ్రేములో 576 అడ్డ వరుసల బొమ్మను 12 పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని టేపు మీద ఒక్కో గీతలో రాస్తారు. రెండు హెడ్లలో ఒకదానికి మురికి పట్టిందనుకోండి, పట్టీ విడిచి పట్టీ పగులుతుంది. తెర మీద అడ్డంగా, ఒకటి బాగా, ఒకటి పాడుగా, చాప అల్లికలా కనిపిస్తుంది. అటువంటి బొమ్మ కనిపిస్తే క్యాసెట్టు మార్చి లాభం లేదు, హెడ్డు శుభ్రం చేయాలి. అలా కాకుండా గళ్ళు అక్కడొకటి ఇక్కడొకటి మెరిసి మాయమవుతుంటే, అదే టేపును వెనక్కి తిప్పి మళ్ళీ చూడండి. రెండోసారి కూడా సరిగ్గా అదే క్షణంలో, అదే చోట గళ్ళు పడితే దోషం టేపుదే. చోటు మారుతుంటే అనుమానించవలసింది హెడ్డును.

ఇక రకాల విషయానికి వస్తే, మినీ డీవీ టేపును ఎంఈ టేపు అంటారు. శూన్యంలో లోహాన్ని ఆవిరి చేసి, ప్లాస్టిక్ పట్టీ మీద అతి పలుచని పొరగా అద్దుతారు. జిగురులో లోహపు పొడి కలిపి పూసిన ఎంపీ టేపు వేరు. ప్యానసోనిక్ వారి డీవీసీప్రో కెమెరాలకు అది కావాలి, మన చేతి కెమెరాలకు దానితో పని లేదు. ఎంఈ పొర సంకేతాన్ని బలంగా పట్టుకుంటుంది కాని, సుకుమారమైనది. అందుకే ఒకే చోట పదేపదే ముందుకు వెనక్కి తిప్పడం, పాజ్‌లో నిమిషాల తరబడి ఉంచడం దానికి మంచిది కాదు. పాజ్‌లో టేపు కదలకపోయినా డ్రమ్ము మాత్రం అదే వేగంతో తిరుగుతూ ఆ ఒక్క చోటునే రాపాడుతూ ఉంటుంది.

దుకాణంలో ఒకప్పుడు వరుసగా కనిపించిన క్యాసెట్లను మూడు తరగతులుగా చూడవచ్చు. మొదటిది ఇంటి వాడకానికి చేసిన మామూలు తరగతి: సోనీ డీవీఎం 60 ప్రీమియం, ప్యానసోనిక్, జేవీసీ, టీడీకే, మాక్సెల్, ఫ్యూజీ సంస్థల 60 నిమిషాల క్యాసెట్లు ఇందులోకి వస్తాయి. రెండవది వృత్తి వాడకానికి చేసినది. ప్యానసోనిక్ ఏవై డీవీఎం 63 పీక్యూ దీనికి ఉదాహరణ. మూడవది మాస్టర్ తరగతి: సోనీ డిజిటల్ మాస్టర్, ప్యానసోనిక్ మాస్టర్ క్వాలిటీ. డిజిటల్ మాస్టర్‌లో లోహపు పొరను రెండు వరుసలుగా వేస్తారు. ఈ పై రెండు తరగతుల్లో నిడివి సాధారణంగా 63 నిమిషాలు ఉంటుంది. మొదట్లో, చివర్లో వదిలేయవలసిన టేపును లెక్కవేసుకుంటే ఆ మూడు నిమిషాలు చాలా ఉపయోగపడతాయి.

మామూలు డీవీ చిత్రీకరణకు పేరున్న సంస్థ మొదటి తరగతి టేపు చాలునని నా అభిప్రాయం. నేను వందల పెళ్ళిళ్ళు సోనీ ప్రీమియం మీదే తీశాను, ఈనాటికీ వాటిలో అత్యధిక భాగం ఒక్క గడీ పడకుండా కంప్యూటరులోకి దిగుతున్నాయి. కాని హై డెఫినిషన్ బొమ్మ తీసే హెచ్‌డీవీ కెమెరా ఉన్నవారికి ఇదే సలహా ఇవ్వను. 2003లో ప్రకటించిన హెచ్‌డీవీ పద్ధతి కూడా అదే టేపును, అదే వేగంతో వాడుతుంది. అయితే డీవీలో ప్రతి ఫ్రేమూ దేనికది స్వతంత్రం కాగా, 1080 అడ్డ వరుసల హెచ్‌డీవీలో పాల్ దేశాల లెక్క ప్రకారం 12 ఫ్రేములను ఒక గుంపుగా కుదిస్తారు, గుంపులో మొదటిదాన్ని ఆధారం చేసుకుని మిగిలినవి నిలబడతాయి. అంటే డీవీలో కంటికి ఆనకుండా పోయే ఒక్క డ్రాపౌట్, హెచ్‌డీవీలో దాదాపు అర సెకను బొమ్మను మింగేయగలదు. తాళి ముడి పడే అర సెకను అది కావచ్చు. సోనీ జడ్ 1, హెచ్‌డీ 1000 వంటి కెమెరాలు వాడేవారు దొరికినంతవరకు మాస్టర్ తరగతి టేపే కొనాలి. దొరకకపోతే వృత్తి తరగతికి దిగవచ్చు. క్యాసెట్టు మీద హెచ్‌డీ అని ముద్రించినంత మాత్రాన ఏదో కొత్త రాత పడుతుందని అనుకోనక్కరలేదు. మామూలు క్యాసెట్టు మీద కూడా హెచ్‌డీవీ రికార్డవుతుంది, ప్రమాదం పాలు ఎక్కువ, అంతే తేడా.

నిడివి విషయంలో మాత్రం నాకు ఏ సందేహమూ లేదు. 80 నిమిషాల క్యాసెట్టు కొనవద్దు. అదే డబ్బాలో ఎక్కువ టేపు పట్టాలంటే టేపును పలుచన చేయడం తప్ప దారి లేదు. పలుచని టేపు సాగుతుంది, అంచు మడత పడుతుంది, పాత కెమెరాల్లో లోడింగ్ యంత్రానికి చుట్టుకుని చిక్కుకుంటుంది. మన చేతిలోని కెమెరాలన్నీ ఇప్పుడు పాతవే కనుక ఈ భయం ఇదివరకటి కన్నా ఎక్కువ.

ఎల్‌పీ వేగం మీద తీయడం అంతకన్నా పెద్ద తప్పు, అది నేను చేసినదే. అమలాపురం దగ్గర ఒక పల్లెలో అర్ధరాత్రి ముహూర్తం. జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా మధ్యలో క్యాసెట్టు మార్చకూడదని ఎల్‌పీలో పెట్టాను. ఎల్‌పీలో టేపు మూడింట రెండు వంతుల వేగంతో నడుస్తుంది, 60 నిమిషాల క్యాసెట్టు 90 నిమిషాలు వస్తుంది. కాని 10 మైక్రాన్లు ఉండవలసిన గీత 6.7 మైక్రాన్లకు కుంచించుకుపోతుంది. ఆ మర్నాడే తీసిన కెమెరాలోనే వేసి చూస్తే అంతా బాగానే ఉంది. ఎడిటింగుకు ముందు కెమెరా వేరే పని మీద సర్వీసుకు వెళ్ళింది, అక్కడ టేపు దారిని సరిచేసి పంపారు. తిరిగొచ్చాక అదే క్యాసెట్టు వేస్తే మాంగల్యధారణ దగ్గర బొమ్మ ముక్కలుముక్కలైపోయింది, మంత్రం మధ్యలో శబ్దం తెగిపోతోంది. ఊరిలో నాకు తెలిసిన ప్రతి కెమెరాలోనూ, ప్రతి డెక్కులోనూ వేసి చూశాను. చివరికి ఒక స్నేహితుని పాత కెమెరాలో చాలావరకు చదివింది, అయినా ఒక పద్నాలుగు సెకన్లు ఎప్పటికీ రాలేదు. పెళ్ళికూతురి తండ్రి ముందు నిలబడి ఆ మాట చెప్పవలసి వచ్చిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. టేపు మిగిల్చుకోవడానికి ఎల్‌పీ వాడవద్దు. పాత ఎల్‌పీ క్యాసెట్లు మీ ఇంట్లో ఉంటే, తీసిన కెమెరా పనిచేస్తూ ఉండగానే, దాన్ని సర్వీసుకు ఇవ్వకముందే కంప్యూటరులోకి ఎక్కించుకోండి.

ఇందుకు ఎదురు దిశలో వెళ్ళేది సోనీ వారి డీవీక్యామ్ రికార్డింగు పద్ధతి. ఇందులో గీత వెడల్పు 15 మైక్రాన్లు, 60 నిమిషాల క్యాసెట్టు 40 నిమిషాలే వస్తుంది. బొమ్మ నాణ్యత డీవీతో సమానమే అయినా, గీత వెడల్పు పెరిగినందువల్ల ఒక యంత్రంలో తీసింది మరో యంత్రంలో నమ్మకంగా చదువుతుంది. పీడీ 150, పీడీ 170 కెమెరాల్లో ఈ సదుపాయం ఉంది కనుక, ముఖ్యమైన ఘట్టాలకు టేపు ఖర్చు చూసుకోకుండా డీవీక్యామ్‌లో తీయమని చెబుతాను. నా లెక్కలో ఖరీదైన టేపు మీద మామూలు డీవీ తీయడం కన్నా మామూలు టేపు మీద డీవీక్యామ్ తీయడం మేలు. డీవీక్యామ్ అని ముద్రించిన 40 నిమిషాల క్యాసెట్టును మామూలు డీవీ కెమెరాలో వేసుకుంటే అది 60 నిమిషాలు నడుస్తుంది, ఇబ్బందేమీ లేదు.

క్యాసెట్టు అంచున కనిపించే బంగారు రంగు పాయింట్లు, లోపల చిప్పు ఉన్న క్యాసెట్ల గురించి కూడా కొందరు అడుగుతారు. ఆ చిప్పులో తేదీలు, సూచికలు దాచుకోవచ్చు. దాని కోసం అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు.

రెండు సంస్థల టేపులు కలిపి వాడకూడదన్న మాట గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1990ల చివర్లో, ఒక సంస్థ టేపు మీద పొడి కందెన ఉంటుందని, మరో సంస్థ టేపు మీద తడి కందెన ఉంటుందని, రెండూ ఒకే హెడ్డు మీద కలిస్తే జిగటగా మారి హెడ్డు మూసుకుపోతుందని వీడియో తీసేవారిలో గట్టిగా ప్రచారమైంది. తరువాతి కాలపు టేపుల్లో ఈ చిక్కు ఉండదని చాలామంది వాదించారు. ఈ వాదన ఎటు తేలినా పాటించవలసిన పద్ధతి మాత్రం మారదు: కెమెరాకు ఒక సంస్థ, ఒక తరగతి టేపు అలవాటు చేసి, దానికే కట్టుబడి ఉండండి. అలా ఉంటే తేడా వచ్చినప్పుడు కారణం ఎక్కడుందో వెతకడం సులువు. నాలుగు రకాలు వేసిన కెమెరాకు హెడ్డు మూసుకుపోతే తప్పు ఏ టేపుదో ఎవరూ చెప్పలేరు. తప్పనిసరిగా మారవలసి వస్తే, మార్చే ముందు పొడి క్లీనింగ్ క్యాసెట్టును పది సెకన్ల పాటు నడపండి, అంతకు మించవద్దు. క్లీనింగ్ టేపు గరుకుగా ఉండి హెడ్డును కూడా కొద్దికొద్దిగా అరగదీస్తుంది. కనుక ప్రతి షూటింగుకు ముందు అలవాటుగా వేసేది కాదు. అందులో ఒకసారి నడిచిన భాగాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ వాడకూడదు, ఎందుకంటే తుడిచిన మురికి అక్కడే ఉంటుంది.

ఇప్పుడు మార్కెట్టులో దొరికేవి ఎక్కువగా ఏళ్ళ తరబడి నిలవ ఉన్న సరుకు. సీలు విప్పనంత మాత్రాన అది కొత్త టేపు అనుకోవడానికి లేదు. ఎక్కడ నిలవ ఉంది అన్నదే అసలు ప్రశ్న. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో రేకుల గోడౌనులో పడి ఉన్న సీలు క్యాసెట్టు కన్నా, ఏసీ స్టూడియో బీరువాలో నిలువుగా పెట్టి ఉంచిన క్యాసెట్టును నేను ఎక్కువ నమ్ముతాను. కొనే ముందు క్యాసెట్టు కిటికీ లోంచి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. చుట్టిన రీలు అంచు గాజు పలకలా సమంగా, నల్లగా మెరవాలి. పొరలు పైకి కిందికి లేచి మెట్లు మెట్లుగా ఉంటే చుట్టు సడలిందని అర్థం. తెల్లని బూజు చుక్కలు, సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే మాత్రం, ఎంత చవకైనా సరే, ఇంటికి తేవద్దు. ఆ ఫంగస్ ఒకసారి హెడ్డు మీదికి ఎక్కితే, అక్కడి నుంచి మీ మంచి క్యాసెట్లన్నిటికీ అంటుకుంటుంది.

ఒకసారి వాడి చెరిపిన క్యాసెట్లు చవకగా వస్తుంటాయి. అవి నేర్చుకోవడానికి, కెమెరా పరీక్షకు పనికొస్తాయి. తిరిగి రాని సందర్భానికి వాటిని వాడకూడదు. ఎన్నిసార్లు తిరిగాయో, ఏ యంత్రంలో అంచులు నలిగాయో మీకు తెలిసే వీలు లేదు.

పదో ఇరవయ్యో కొనేటప్పుడు వీలైనంతవరకు ఒకే పెట్టెలోవి, ఒకే లాటువి తీసుకుని, అందులో ఒకదాన్ని పరీక్షకు బలి ఇవ్వండి. దాన్ని చివరి దాకా ఫార్వర్డ్ చేసి మళ్ళీ మొదటికి తిప్పండి. ఏళ్ళుగా ఒకే బిగువులో ఉన్న చుట్టు దీనితో సర్దుకుంటుంది. తరువాత ఎస్‌పీ, అంటే మామూలు వేగంలో, ఏదైనా కదలిక, మాట ఉన్న దృశ్యాన్ని, వీధి గుమ్మంలో కెమెరా పెట్టి అయినా సరే, గంటసేపు తీసి ఫైర్‌వైర్ తీగ ద్వారా కంప్యూటరులోకి ఎక్కించండి. గంటకు దాదాపు 13 గిగాబైట్ల ఫైలు వస్తుంది. అందులో రెండు మూడు చోట్ల కన్నా ఎక్కువగా గళ్ళు పడితే ఆ పెట్టె మొత్తాన్ని ముఖ్యమైన పనికి వాడవద్దు. ఎక్కించేటప్పుడు సాఫ్ట్‌వేరు చూపే ఫ్రేముల నష్టం చాలాసార్లు కంప్యూటరు నిదానం వల్ల వచ్చేది. దాన్ని టేపు ఖాతాలో వేయకండి.

సోనీ డిజిటల్ 8 కెమెరా ఉన్నవారికి ఈ మినీ డీవీ క్యాసెట్లు పట్టవు. అందులో హై 8 టేపు వేయాలి. 90 నిమిషాల పాల్ హై 8 క్యాసెట్టు డిజిటల్ 8లో దాదాపు గంట వస్తుంది.

ఎంత మంచి టేపు కొన్నా మన వాతావరణం ఒక దెబ్బ తీయగలదు. ఏసీ గదిలో చల్లబడిన కెమెరాను వైశాఖ మాసపు ఉక్కలోకి ఒక్కసారిగా తెస్తే డ్రమ్ము మీద చెమ్మ పడుతుంది, టేపు దానికి అంటుకుంటుంది. కెమెరా చెమ్మ గుర్తు చూపి ఆగిపోతే క్యాసెట్టు తీసి, మూత తెరిచి ఉంచి, గంటసేపు ఆగడం తప్ప మందు లేదు. హోటల్ గది నుంచి మంటపానికి వెళ్ళే ముందు కెమెరాను ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి తీసుకువెళ్ళి, బయటి వేడికి అది సర్దుకున్న తరువాతే విప్పితే ఈ అవస్థ రాదు.

ఇవన్నీ చూసుకుని, ఈ రోజు నన్ను కొనమంటే డీవీ కెమెరాకు ఒకే లాటుకు చెందిన సోనీ ప్రీమియం 60 నిమిషాలవి, లేదా ప్యానసోనిక్ పీక్యూ 63 నిమిషాలవి కొంటాను. రెండింటిలో కెమెరాకు ఇదివరకు ఏది అలవాటో దానికే మొగ్గుతాను. హెచ్‌డీవీకి మాస్టర్ తరగతి తప్ప కొనను. పేరు వినని సంస్థ టేపు, 80 నిమిషాల టేపు ఊరికే ఇచ్చినా షూటింగు సంచిలో పెట్టుకోను. ప్రతి క్యాసెట్టులో మొదటి నిమిషం లెన్సు మూత పెట్టి నల్లగా రికార్డు చేసి వదిలేస్తాను, చివరి నిమిషం వరకు లాగను. రీలు రెండు కొసలూ ఎక్కువగా నలిగే చోట్లు అవే. షూటింగు కాగానే టేపును మొదటికి తిప్పి, పెట్టెలో పెట్టి, పుస్తకంలా నిలువుగా బీరువాలో ఉంచుతాను. అయితే ఇదంతా చేయడానికి ముందు, క్యాసెట్టు కెమెరా లోంచి బయటికి వచ్చిన ఆ క్షణంలోనే, వీపున ఉన్న చిన్న మీటను, దాని మీద మళ్ళీ రికార్డు కాకుండా, గోటితో సేవ్ వైపుకు జరిపి, చీటీ మీద తేదీ, ఊరు, ఎన్నో క్యాసెట్టో రాసేస్తాను.